చాయ్ తాగనీకి పోయిండు

సుకన్యకు ఈ లోకంలో ఒళ్లు మండించే వస్తువు ఒక్కటే ఉంది. అది జేబురుమాలు.

పదకొండేళ్లుగా బస్సులో కండక్టరు పని చేస్తోంది. బండి వచ్చి ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి సీట్ల మీద పడే రుమాళ్లను, తువ్వాళ్లను, టిఫిను సంచులను చూసీ చూసీ ఆమెకు విసుగెత్తిపోయింది. ఒకసారైతే ఎవరో మహానుభావుడు ఎడమకాలి చెప్పు విసిరి సీటు ఆపుకున్నాడు. మనిషి కింద ఇడ్లీ తింటుంటాడు, వాడి రుమాలు మాత్రం పైన దర్జాగా కూర్చుని ఉంటుంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక జనం పెరిగారు, జనంతో పాటు రుమాళ్లూ పెరిగాయి. "గీ రుమాలుకు ఆధార్ కార్డున్నదా? లేకుంటే లేపుండ్రి," అని సుకన్య ఒక్క కేక వేసిందంటే సగం సీట్లు ఖాళీ అయ్యేవి. ఆమె నోరు పెద్దదే కానీ మనసు మంచిదని డ్రైవరు యాకయ్య అందరికీ చెబుతుంటాడు. నోటి సంగతి ఆయన చెప్పనక్కర్లేదు, అది ఊరవతల మామునూరు దాకా వినిపిస్తుంది.

ఆ వానాకాలం ఆమెకు పొద్దున ఆరూ యాభైకి వరంగల్ నుంచి పాలకుర్తి పోయే బండి పడింది. పంతుళ్లు, ఆసుపత్రి నర్సులు, పొలం పనికి పోయేవాళ్లు, గుట్ట మీది దేవుడికి మొక్కు చెల్లించేవాళ్లు, అంతా ఆ బండే ఎక్కుతారు. రోజూ ఎక్కేవాళ్లు ఎక్కువ కాబట్టి ఎవరి ముఖం ఏ కిటికీ పక్కన ఉండాలో సుకన్యకు నోటికి వచ్చు.

జూలైలో ఒక సోమవారం మూడో వరుస కిటికీ పక్కన కొత్త ముఖం కనిపించింది. యాభై దాటిన ఆడమనిషి. నూలు చీర, నుదుట చిన్న స్టిక్కరు బొట్టు, ఒళ్లో చేతిసంచి. పక్క సీటు మీద నీలం గళ్ల తువ్వాల. అందరిలా విసిరింది కాదు, ముడత లేకుండా, నాలుగు మూలలు సరిచేసి పరిచింది.

"ఎవలన్న వత్తాండ్రా?" అని అప్పుడే ఎక్కిన ఒకావిడ ఆ సీటు చూపించి అడిగింది.

"వత్తాండు. మా ఆయన. చాయ్ తాగనీకి పోయిండు."

"బండి ఎల్లేటప్పుడా చాయ్?"

"ఏం జెప్పాలె అక్కా. ఐదు నిమిషాలని పోతడు, గంటకు వత్తడు. ఆ హోటల్ల కూసున్నడంటే లోకం మునిగినా లేవడు."

"మా ఇంట్ల గూడ గసొంటోడే ఉన్నడు," అని ఆవిడ నవ్వుకుంటూ వెనక్కి పోయింది.

ఆ తర్వాత ఇంకో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ అదే జవాబు, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కొక్క తిట్టు కలిపి చెప్పింది. ఒకరికి ఆయన బీడీల సంగతి, ఒకరికి ఆయన మతిమరుపు సంగతి. బండి కదిలింది. ఆయన రాలేదు. రంగశాయిపేట దాటాక ఆమె తువ్వాల నెమ్మదిగా మడిచి సంచిలో పెట్టుకుని, నిలబడి ఉన్న ఒక పిల్లను పిలిచి కూర్చోబెట్టుకుంది. మొగుడు బస్సు తప్పితే ఇంత నిమ్మళంగా ఉన్న ఆడదాన్ని సుకన్య అదే మొదటిసారి చూడడం. రాయపర్తికి జీరో టికెట్టు కొడుతూ ఆధార్ కార్డు చూసింది. పేరు సరోజన. భర్త సిద్దిరాములు.

మంగళవారం మళ్లీ అదే కిటికీ, అదే తువ్వాల, అదే చాయ్. బుధవారం కూడా అంతే. గురువారం సుకన్య ఇక ఊరుకోలేకపోయింది.

"అమ్మా, మీ ఆయన సంగతేంది? నాలుగు రోజుల సంది సూత్తాన్న. సీటేమో ఆయనకు గావాలె, బస్సు మాత్రం ఎక్కడు. గా చాయ్ ఎప్పుడు ఒడుస్తది?"

"వత్తడు బిడ్డా, జర ఆగు."

"ఆగుడు లేదు ఏం లేదు. ముసలోళ్లు నిలవడ్డరు." సుకన్య తువ్వాల తీసి సరోజన ఒళ్లో పెట్టి, నిలబడ్డ ఒక ముసలాయనను కూర్చోబెట్టింది. సరోజన కోప్పడలేదు, ఏడవలేదు. ఆ తువ్వాలను రాయపర్తి దాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు "పోయొస్త బిడ్డా" అని కూడా అంది. సుకన్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తిట్టించుకున్న మనిషి తిరిగి తిట్టాలి కదా. అలా తిడితేనే కదా లెక్క సరిపోయేది.

శుక్రవారం మళ్లీ తువ్వాల.

ఇదేం మనిషో సుకన్యకు అర్థం కాలేదు. మొగుడూ పెళ్లాలకు పడదా అనుకుంది. ఆయన తాగుబోతా, చాయ్ అని చెప్పి కల్లు దుకాణానికి పోతున్నాడా అనుకుంది. పోనీ ఈమే కాళ్లు బారజాపుకోవడానికి అబద్ధం చెబుతోందా అంటే, అబద్ధం చెప్పేవాళ్లు పావుగంటకే సీటు వదిలిపెట్టి పిలిచి మరీ ఇంకొకరిని ఎందుకు కూర్చోబెడతారు? ఎటు తిప్పి చూసినా లెక్క తెగలేదు. దీనికి తోడు హరికృష్ణ సారు తయారయ్యారు. ఆయన రాయపర్తి దగ్గర బడిలో లెక్కల పంతులు. సీటు దొరకని రోజు ఆయనకు రూల్సన్నీ గుర్తుకొస్తాయి. "సోమవారం గూడ గిట్లనే ఉంటె నేను డిపోల కాగితం రాసిస్త సుకన్యా. నీ మీదనే రాస్త," అని నిలబడి ఊగుతూ చెప్పారు.

శనివారం సరోజనతో పాటు ఇంకొకామె ఎక్కింది. పేరు విజయశ్రీ, సరోజన తమ్ముడి భార్య. రాయపర్తిలో ఆడపిల్లల హాస్టలులో ఆయా. సరోజనకు అక్కడ వంటపని పెట్టించింది కూడా తనే. వదినా మరదళ్లు ఎదురెదురు సీట్లలో కూర్చున్నారు. ఎవరో వచ్చి "ఎవలన్న వత్తాండ్రా?" అని అడిగారు. "వత్తాండు, చాయ్ తాగనీకి పోయిండు," అంది సరోజన. ఆ మాట వినగానే విజయశ్రీ ముఖం పాలిపోయింది. ఆమె లేచి, జనాన్ని తోసుకుంటూ సుకన్య దగ్గరికి వచ్చి, టికెట్టు అడిగే నెపంతో చెవిలో చెప్పింది.

"మేడం, మా అన్న, గదే మా వదిన వాళ్లాయన, పోయి నాలుగు నెలలయ్యె."

సుకన్య చేతిలో టికెట్టు మిషను అలాగే ఆగిపోయింది.

విజయశ్రీ గడగడా చెప్పుకుపోయింది. వాళ్లది వరంగల్‌లోనే కొత్తవాడ. జంపఖానాలు నేస్తారు. పెద్ద జంపఖానా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి, ఒక్కరితో కాదు. ముప్పై ఏళ్లు ఆయన కుడివైపు, ఆమె ఎడమవైపు. మార్చిలో ఒక పొద్దున, మగ్గం మీది నుంచి లేచి, ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి వీధి చివరి హోటలుకు చాయ్ కోసం పోయాడు. అక్కడే బెంచీ మీద ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది. బొట్టు తీయొద్దని కూతురు పట్టుబట్టింది కాబట్టి చూసేవాళ్లకు తెలియదు. ఒంటరిగా మగ్గం నడవదు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఈ పని పెట్టించారు.

"మంచిగనే ఉన్నది అనుకున్నం మేడం. గిట్ల మాట్లాడుతదని మాకు ఎరుకలేదు. మీరేం అనకుండ్రి."

సుకన్య అనాల్సిందంతా గురువారమే అనేసింది. గా చాయ్ ఎప్పుడు ఒడుస్తది అని అడిగింది. అందరి ముందు, నవ్వు వచ్చేలా అడిగింది. తువ్వాల లాగి ఒళ్లో పడేసింది. ఆ రోజు పాలకుర్తిలో బండి ఆగాక ఆమె టిఫిను తినలేదు. యాకయ్య ఏమైందని అడిగితే చెప్పింది. చెప్పి ఏడ్చింది. అంత పెద్ద నోరు పెట్టుకుని తనకు ఎప్పుడూ సరైన మాట దొరకదేమిటని ఏడ్చింది.

సుకన్య ఏడ్చి ఊరుకునే రకం కాదు. తప్పు చేస్తే ఎలాగైనా సరిదిద్దుకోవాలి, లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. కండక్టరుకు తెలిసిన పద్ధతి ఒకటే, వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ పోవడం. సోమవారం సరోజన ఎక్కకముందే ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా, టికెట్టుకొక మాట చొప్పున రోజువారీ జనానికంతా చెప్పేసింది. మూడో వరుసలో కూర్చునే అమ్మకు భర్త పోయాడని, ఆ బాధలో ఆయన వస్తాడనుకుంటోందని, తువ్వాల జోలికి ఎవరూ పోవద్దని. హరికృష్ణ సారుకు చెప్పినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డిపోకు రాసిన కాగితం జేబులోంచి తీసి అక్కడే చింపేశారు. ఆ రోజు నుంచి ఆ సీటుకు ఆయనే కాపలాదారు. తెలియనివాడెవడైనా అటు అడుగు వేస్తే భుజం పట్టి వెనక్కి లాగి, చెవిలో విషయం చెప్పేవారు.

నిజం చెప్పాలంటే ఆ వారం సుకన్యకు తన బండిని చూసి గర్వమనిపించింది. పాతిక మంది ఒకరి మీద ఒకరు ఒరుగుతూ నిలబడి ఉంటారు, మధ్యలో ఒక సీటు నీలం తువ్వాలతో ఖాళీగా ఉంటుంది. ఒక్కరూ అడగరు. నర్సమ్మలు ఫోనులో గట్టిగా మాట్లాడడం మానేశారు. ఒక ముసలామె సరోజన చేతిలో రెండు జామపండ్లు పెట్టి, ఏమీ మాట్లాడకుండా తల నిమిరి పోయింది. సీటు కోసం జుట్లు పట్టుకునే జనంలో ఇంత జాలి ఎక్కడ దాక్కుందో అని యాకయ్య కూడా ఆశ్చర్యపోయాడు.

ఆశ్చర్యపోవలసింది ఇంకొకటి ఉంది. సరోజన వాడిపోవడం మొదలుపెట్టింది.

మొదట సుకన్య గమనించలేదు. తర్వాత చూసింది. ఎవరైనా ఎక్కినప్పుడల్లా సరోజన తలెత్తి వాళ్ల ముఖం చూసేది, వాళ్లు చటుక్కున కిటికీ వైపు తిరిగేవారు. ఇంకొకరు ఎక్కేవారు, ఆమె మళ్లీ చూసేది. రంగశాయిపేట దాటినా తువ్వాల మడిచేది కాదు. రాయపర్తి దాకా సీటు అలాగే ఉండేది. ఒకరోజు ఆమే ఒక పిల్లను "కూసో బిడ్డా" అని పిలిస్తే, ఆ పిల్ల హరికృష్ణ సారు వైపు బెదురుగా చూసి "వద్దమ్మా, పర్వాలేదు" అంది. ఆ మర్నాడు సరోజన తువ్వాల పరచలేదు. అయినా ఎవరూ కూర్చోలేదు. ఆ తర్వాత రోజు ఆమె మూడో వరుస వదిలి వెనక తలుపు దగ్గర నిలబడింది. నలుగురు ఒకేసారి లేచి సీటిచ్చారు. ఆమె ఎవరి సీట్లోనూ కూర్చోలేదు.

ఆ పై రోజు అసలు రాలేదు. తర్వాత రెండు రోజులు కూడా రాలేదు.

సుకన్యకు తల తిరిగిపోయింది. తిట్టినప్పుడు వచ్చిన మనిషి, నెత్తిన పెట్టుకున్నాక ఎందుకు రావడం మానేసింది? ఎక్కడ తక్కువ చేశారు? శనివారం రాయపర్తిలో బండి ఆగినప్పుడు విజయశ్రీ పరుగున వచ్చింది.

"లేస్తనే లేదు మేడం. గోడ దిక్కు మళ్లుకొని పంటాంది. సోమవారం రాకుంటె ఇంకొకామెను పెట్టుకుంట అని వార్డెన్ మేడం అన్నది. ఈ పని గూడ పోతె మా వదిన మళ్ల బయటికి రాదు. బస్సుల ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమన్లే," అంది సుకన్య. అది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా చెబుతుంటే ఎందుకో దొంగతనం చేసినట్టు అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి సుకన్య కొత్తవాడ పోయింది. అడ్రసు విజయశ్రీ చెప్పింది. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు వినిపిస్తోంది, ఒక్క ఇంటి ముందు మాత్రం వినిపించలేదు. సరోజన తలుపు తీసింది, ఎవరో గుర్తుపట్టడానికి ఆమెకు కాసేపు పట్టింది. యూనిఫాం లేని సుకన్య ఆమెకు కొత్త.

ముందుగదినంతా మగ్గమే ఆక్రమించి ఉంది. దాని మీద సగం నేసిన జంపఖానా, ఎరుపూ తెలుపూ పట్టీలు. మగ్గం ముందు ఇద్దరు కూర్చునే పొడుగు పలక. గోడకు మేకు ఉంది, దానికి ఫోటో లేదు. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలు దొంతిగా ఉన్నాయి, నాలుగు నెలలుగా వచ్చిపోయే చుట్టాల కోసం తెచ్చినవి. సుకన్యకు కుర్చీ దించుకోవాలని తోచలేదు. ఏం మాట్లాడాలో తెలియని కంగారులో, పలక కుడివైపు చూపించి, బస్సులో అందరూ అడిగినట్టే అడిగేసింది.

"గీడ కూసోవచ్చునా చిన్నమ్మా?"

సరోజన చటుక్కున తల ఎత్తింది.

"కూసో బిడ్డా," అంది. "నాలుగు నెలలయ్యె, గట్ల అడిగినోళ్లు లేరు. అందరు కుర్సీ ఏసుకుంటరు."

ఆమె కూడా వచ్చి ఎడమవైపు కూర్చుంది. సుకన్యకు ఓపిక తక్కువ. ఇంకొకసారైతే ఈపాటికి పది మాటలు మాట్లాడేది. ఆ రోజు మాత్రం మాటలన్నీ మింగి కూర్చుంది. కాళ్ల వైపు చూస్తే సరోజన వేళ్లకు మట్టెలు లేవు, మట్టెలు ఉన్న చోట తెల్లటి గీతలున్నాయి. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మేమేం తప్పు జేసినం చిన్నమ్మా?"

"తప్పా? ఎవలేం తప్పు జెయ్యలే. అందరు మంచిగనే ఉన్నరు. ఇంట్ల మంచిగున్నరు, వాడకట్టు మంచిగున్నది. గా బస్సొక్కటి మామూలుగ ఉండె. దాన్ని గూడ మంచిగ జేసిండ్రు."

సుకన్యకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"నాకు పిచ్చి లేసిందనుకున్నవా బిడ్డా? మట్టెలు తీసిచ్చింది నేనే. రాడని నాకు తెల్వదా? ఇంట్ల ఆయన పేరెత్తుతె నా బిడ్డ ఏడుస్తది. మరదలు ఫోటో పెట్టెల దాసింది, నేను సూత్తె ఏడుస్తనట. వచ్చినోళ్లంత దేవుడసొంటి మనిషి పోయిండు అంటరు. ఆయనేం దేవుడు? ముప్పై ఏండ్లు పక్కపొంటి కూసుండి నేసిన, నాకెరుక లేదా? బీడి మానుమంటె మానకపాయె. ఐదు నిమిషాలని పోయి గంటకు వచ్చేది. ఆయనను తిట్టుకుంటనే బతికిన నేను. ఇప్పుడు ఒక్క మాటంటె, చచ్చినోన్ని తిడతదా అని సూత్తరు."

ఆమె చేయి జంపఖానా అంచు మీద అటూ ఇటూ పోతోంది. ఎక్కడ ఆపాలో ఆ చేతికి తెలియనట్టుంది.

"బస్సుల ఎవలకు తెల్వది కద. ఎవలన్న వత్తాండ్రా అని అడుగుదురు. వత్తాండు అందును. గీ మొగోళ్లంత గింతే అని వాళ్లందురు. ఇద్దరం కలిసి ఆయనను తిడుదుము. రంగశాయిపేట దాక గంతే బిడ్డా. ఆడికెల్లి తువ్వాల మడిచి నా పనికి నేను పోదును. గా దినాలల్ల కూర గూడ మంచిగైతుండె."

"నేనే చెప్పిన చిన్నమ్మా," అంది సుకన్య. "టికెట్ టికెట్‌కు చెప్పిన. మంచి జేత్తాన్న అనుకున్న."

"ఎరుకే తియ్యి."

"నన్నొక్క మాట తిట్టు."

"నిన్నెందుకు తిడత బిడ్డా. నువ్వు గురువారం నాడు మంచిగ తిట్టినవ్. గా చాయ్ ఎప్పుడు ఒడుస్తది అన్నవ్. ఆయన బతికుంటె గదే మాట నేనందును." సరోజన నవ్వబోయింది. నవ్వు సగంలో దారి తప్పింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుకన్య ఆమె భుజం మీద చేయి వేయాలా వద్దా అని తేల్చుకునేలోపే ఆ ఏడుపు ఆగిపోయింది.

"రేపు వస్తవా చిన్నమ్మా?"

"ఏమో బిడ్డా. పొద్దుగాల లేస్తనో లేవనో నాకే ఎరుక లేదు."

ఆ రాత్రి సుకన్య అన్నం కలుపుతూ కలుపుతూ అలాగే ఉండిపోయింది. చెప్పిన మాటను యాభై మంది చెవుల్లోంచి వెనక్కి ఎలా తీసుకోవడం? రేపు అందరినీ మళ్లీ వరసగా కలిసి, తెలియనట్టు నటించమని చెప్పాలా? అలా చెబితే బస్సు బస్సులా ఉంటుందా, వీధి నాటకంలా ఉంటుందా? పోనీ ఏమీ చేయకుండా ఊరుకోవాలా? ఊరుకుంటే సోమవారం దాటిపోతుంది, ఆ మనిషి గోడ వైపే ఉండిపోతుంది. తాను ఒక్కతే అడిగితే? విషయం తెలిసి అడగడం వెక్కిరించినట్టు కాదా? ఏది జాలో ఏది క్రౌర్యమో సుకన్యకు పాలుపోలేదు. ఇంతకాలం ఆ రెండింటికీ తేడా ఎవరికైనా తెలుస్తుందనే అనుకుంది.

సోమవారం ఆరూ నలభై అయింది. బండి నిండింది. మూడో వరుసలో రెండు సీట్లూ ఖాళీగానే ఉన్నాయి, వాటికి అడ్డంగా హరికృష్ణ సారు నిలబడి ఉన్నారు. ఆరూ నలభై ఐదు. సుకన్య తలుపు దగ్గర నిలబడి చినుకుల్లో ప్లాట్‌ఫారం చివరిదాకా చూస్తోంది. ఆరూ నలభై ఎనిమిదికి గొడుగు కింద సరోజన కనిపించింది. నెమ్మదిగా వస్తోంది, వెనక్కి తిరిగిపోదామా అన్నట్టు మధ్యలో ఒకసారి ఆగింది కూడా. తర్వాత ఎక్కింది.

ఎక్కగానే బస్సంతా చప్పుడు ఆగిపోయింది. ఎవరి ఫోనూ మోగలేదు. హరికృష్ణ సారు పక్కకు జరిగి, తల వంచి దారి ఇచ్చారు. సరోజన కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. తువ్వాల తీయలేదు. పక్క సీటు ఏ గుడ్డా లేకుండా బోసిగా ఉంది, దాని చుట్టూ పాతిక మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఇది సరైన పనో కాదో సుకన్యకు ఆ క్షణానికి కూడా తెలియదు. జనాన్ని తోసుకుంటూ మూడో వరుస దాకా పోయి, తన మామూలు గొంతుతోనే, మామునూరు దాకా వినిపించే ఆ గొంతుతోనే అడిగింది.

"గీ సీట్ల ఎవలన్న వత్తాండ్రా?"

"సుకన్యా," అన్నారు హరికృష్ణ సారు నమ్మలేనట్టు. వెనకెవరో ఛీ అన్నారు. సుకన్య చెవులు కాలిపోయాయి, అయినా కదలలేదు.

సరోజన ఆమె వైపు చూసింది. ఈ పిల్లకు తెలుసు. తెలిసే అడుగుతోంది. ఆ సంగతి తనకు తెలుసని పిల్లకూ తెలుసు. ఇద్దరి మధ్యా దాపరికం ఏమీ మిగల్లేదు. ఆమె చేయి సంచిలోకి పోయింది. నీలం తువ్వాల బయటికి వచ్చింది. దాన్ని పక్క సీటు మీద పరిచి, నాలుగు మూలలు సరిచేసింది.

"వత్తాండు," అంది. "చాయ్ తాగనీకి పోయిండు."

"రోజు గిదే చాయా? ఇంట్ల పొయ్యవా చాయ్?"

"పోత్తె తాగుతడా? ఆ హోటల్ల చాయే గావాలె. నాలుగు చెంచాల చక్కెర ఏసిత్తడాడు."

"గంత చక్కెర ఎందుకు తాగనిత్తవ్?"

"నా మాట ఇంటడా బిడ్డా? ఇనేటోడైతె గిట్లెందుకు జేత్తడు?" సరోజన గొంతు ఒక్కసారి లేచింది. నాలుగు నెలల కోపం అది. "చెప్పి చెప్పి నా నోరు నొయ్యాలె, ఆయన లేచి పోవాలె. ఐదు నిమిషాలంటడు. ఎన్నడన్న ఐదు నిమిషాలకు వచ్చిండా?"

ఎదురు సీటులో ఉన్న నర్సమ్మ ఏం చేయాలో తెలియక సుకన్య వైపు చూసింది. తర్వాత చిన్నగా, భయం భయంగా, "మా ఆయన గూడ గంతేనమ్మా," అంది. సరోజన ఆమె వైపు తిరిగి తల ఊపింది. హరికృష్ణ సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.

ముందు నుంచి యాకయ్య కేక వేశాడు. "చెల్లె, టైమ్ దాటింది. రైటా?"

రోజుకు రెండు వందల సార్లు అనే మాట అది. నిద్రలో కూడా అంటుందని ఇంట్లో నవ్వుతారు. సుకన్య నోరు తెరిచింది. ప్లాట్‌ఫారం మీద, చినుకుల అవతల, చాయ్ బండి దగ్గర నలుగురైదుగురు మగవాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. రైట్ అంటే బండి పోతుంది. అనకూడదని కాదు, అనలేకపోయింది.

"చెల్లె, ఇనవడ్తలేదా? ఇంకెవలన్న ఎక్కేదున్నదా?"

బస్సంతా ఆమె వైపే చూస్తోంది. సుకన్య తలుపు కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. సరోజన కిటికీలోంచి ఆ చాయ్ బండి వైపు ఒకసారి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఇటు తిరిగింది.

"రైట్ చెప్పు బిడ్డా," అంది. "అందరికి ఆలస్యమైతాంది. ఆయన ఎనుక బస్సుల వత్తడు."

సుకన్య రైట్ చెప్పింది. యాకయ్య గేరు వేశాడు.